చలి సైక్లింగ్‌లో వేడి క్రీమ్‌ను ఎంతవరకు నమ్మాలి

చలి ముదిరేకొద్దీ సైకిల్ తొక్కేవాళ్ల కబుర్లలోకి ఒక డబ్బా వచ్చి చేరుతుంది. మూత తీస్తే వాసన ముక్కుకు ఘాటుగా తగులుతుంది. వేలితో కాస్త తీసుకుని పిక్కలకీ మోకాళ్లకీ రుద్దితే కాసేపటికి చురచుర మొదలవుతుంది, తర్వాత మంట. ఎంబ్రోకేషన్ అని దాని అసలు పేరు. మామూలుగా వేడి క్రీమ్ అనో వార్మప్ క్రీమ్ అనో అంటుంటాం. దాని గురించి మాట్లాడేటప్పుడు ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటుంది: "అది రాసుకుంటే ఇక టైట్స్ (కాళ్లను పూర్తిగా కప్పే బిగుతు ప్యాంటు) ఎందుకు, షార్ట్స్‌తో వెళ్లిపోవచ్చు."

నా పేచీ ఈ మాటతోనే. క్రీమ్ అంటే నాకు కోపమేమీ లేదు. నా దగ్గరా ఒకటి ఉంది, కొన్ని రోజుల్లో ఇష్టంగానే వాడతాను. కానీ అది బట్టకు బదులు పనిచేస్తుందన్న నమ్మకం చలిలో మనిషిని ఇబ్బందుల్లోకి నెడుతుంది. కొత్తగా సైక్లింగ్ మొదలుపెట్టినవాళ్లు దాన్ని అలాగే నమ్మి బయల్దేరడం చూస్తుంటే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఆ మంట సంగతి చూద్దాం. ఈ క్రీముల్లో ఎక్కువగా కనిపించేవి కొన్నే. మిరపకాయకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్, లేదా దాన్ని పోలిన నోనివమైడ్. వింటర్‌గ్రీన్ నూనెలో ఉండే మిథైల్ సాలిసిలేట్. కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం. వీటన్నిటినీ మైనంలోనో లానోలిన్‌లోనో మరో జిడ్డు పదార్థంలోనో కలుపుతారు. మంట పుట్టించడంలో ముఖ్య పాత్ర క్యాప్సైసిన్‌ది.

క్యాప్సైసిన్ తగిలితే ఎందుకు మండుతుందో 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. మన చర్మంలోని నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ ఉంటుంది. చర్మం సుమారు 43 డిగ్రీలు దాటినప్పుడు అది తెరుచుకుని "కాలుతోంది" అని మెదడుకు కబురు పంపుతుంది. అది దాని పని. క్యాప్సైసిన్ వచ్చి దానికి అతుక్కుంటే, వేడి లేకుండానే తెరుచుకుంటుంది. మెదడుకు చేరే కబురు మాత్రం అదే. ఈ పరిశోధనకే జూలియస్‌కు ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి 2021లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. స్పర్శను గుర్తించే ప్రోటీన్లను కనిపెట్టింది పటపూటియన్. మెంథాల్ చల్లగా అనిపించడానికి కారణమైన ఇంకో ప్రోటీన్‌ను 2002లో ఈ ఇద్దరూ వేర్వేరుగా గుర్తించారు.

అంటే చల్లని గాలిలో మన తొడ మీది చర్మం 25 డిగ్రీల దగ్గర ఉండవచ్చు, మెదడుకు మాత్రం 43 అని వార్త వెళ్తుంది. చర్మం దగ్గర మారింది వార్త. ఉష్ణోగ్రత అంతగా మారలేదు. చలిగా ఉందని గదిలోని థర్మామీటర్ బుడ్డిని అరచేత్తో రుద్దితే పాదరసం పైకి పోతుంది, గది మాత్రం అలాగే ఉంటుంది. ఇదీ అంతే.

"మరి కాళ్లు ఎర్రబడతాయి కదా, ముట్టుకుంటే వెచ్చగా ఉంటాయి కదా" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ నరాల కొసలు మెదడుకు కబురు పంపడంతో ఊరుకోవు. చుట్టూ ఉన్న చిన్న రక్తనాళాలను విప్పార్చే రసాయనాలను కూడా అక్కడే వదులుతాయి. దాంతో చర్మంలోకి రక్తం ఎక్కువగా వస్తుంది. ఎరుపు అదే, ఆ కాస్త వెచ్చదనమూ అదే. కానీ ఆ వేడి డబ్బాలోంచి వచ్చింది కాదు. మన ఒంట్లోంచే వచ్చింది. లోపల ఉండాల్సిన వేడి చర్మం పైకి వచ్చి గాలికి ఎదురుగా నిలబడింది.

చలిలో శరీరం తనంతట తాను చేసేది దీనికి సరిగ్గా ఉల్టా పని. చలి తగలగానే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. కాళ్లూ చేతులూ కాస్త చల్లబడ్డా పర్వాలేదు, గుండె, మెదడు, పేగుల దగ్గర వేడి 37 డిగ్రీల దగ్గర నిలవాలి అన్నది శరీరం లెక్క. వేడి క్రీమ్ రాసిన మేర ఆ లెక్కకు ఎదురు వెళ్తుంది. రెండు మోకాళ్లకు పల్చగా రాసుకుంటే పోయే వేడి పెద్దగా ఉండదని నేనూ ఒప్పుకుంటాను. పాదం నుంచి తొడ దాకా దట్టంగా పట్టించి, దాని మీద బట్ట లేకుండా గంటల తరబడి తిరిగితే మాత్రం అది మనకు అనుకూలంగా పనిచేసే ఏర్పాటు కాదు.

ఇక కండరం. చాలామంది క్రీమ్ రాసుకునేది "కండరాలు వేడెక్కుతాయి, పట్టేయవు" అని. చల్లబడిన కండరం బలం తగ్గుతుందన్నది నిజం. కండరం ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పడిపోతే అది ఒక్కసారిగా చూపగల శక్తి రెండు నుంచి ఐదు శాతం వరకు తగ్గుతుందని వ్యాయామ శాస్త్రంలో సాధారణంగా చెప్పే లెక్క. స్ప్రింట్ చేసేవాళ్లకు ఇది చిన్న తేడా కాదు. కానీ ఈ క్రీముల ప్రభావం ప్రధానంగా చర్మం దగ్గరే ఆగిపోతుంది. తొడ కండరం చర్మం కింద, కొవ్వు పొర కింద, అంగుళాల మందాన ఉంటుంది. దాన్ని వేడెక్కించేది పని ఒక్కటే. పది, ఇరవై నిమిషాలు నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుకుంటూ తొక్కితే కండరం ఉష్ణోగ్రత 38 డిగ్రీల వైపు వెళ్తుంది. క్రీమ్ రాసుకుని ఆ వార్మప్‌ను ఎగ్గొట్టేవాళ్లు కాళ్లు వేడెక్కాయన్న భ్రమలో చల్లని కండరంతో గట్టిగా తొక్కుతారు.

ఇదంతా విన్నాక కూడా ఒక మాట వినిపిస్తుంది: "వెచ్చగా అనిపిస్తే చాలదా? సుఖంగా ఉంటే బాగా తొక్కుతాం కదా." కొంతవరకు సరే. కానీ చలి అనిపించడం అనేది మనల్ని బాధపెట్టడానికి పెట్టిన ఏర్పాటు కాదు. ఆపమని, ఇంకో పొర వేసుకోమని, గాలి తగలని చోటికి పొమ్మని శరీరం చెప్పే పద్ధతి అది. ఆ గొంతు నొక్కేస్తే ఏమవుతుందో ఫిన్లాండ్‌లో చూశారు. అక్కడ గడ్డకట్టే చలిలో ముఖానికీ చెవులకూ రక్షణగా లేపనాలు రాసుకోవడం పాత అలవాటు. 1990లలో అక్కడి సైనిక శిక్షణలో ఉన్న యువకుల మీద పరిశోధకులు ఈ విషయం పరిశీలించారు. లేపనం చర్మాన్ని చెప్పుకోదగ్గంతగా వెచ్చగా ఉంచలేదు. రాసుకున్నవాళ్లకు మాత్రం రక్షణ ఉన్నట్టు అనిపించింది. చివరికి ముఖానికీ చెవులకూ ఫ్రాస్ట్‌బైట్ (చలికి చర్మం గడ్డకట్టి దెబ్బతినడం) ముప్పు లేపనం వాడినవాళ్లలో ఎక్కువగా కనిపించింది. అక్కడ వాడింది మంట పుట్టని మామూలు జిడ్డు లేపనాలు! ఉత్త జిడ్డే మనిషిని అంత నమ్మించగలిగితే, దానికి మంట కూడా తోడైతే చలి ఎక్కడ వినిపిస్తుంది?

నా వాదనలో ముఖ్యమైన ముక్క ఇదే. వేడి పోవడం కంటే, వేడి పోతోందన్న కబురు మనకు అందకపోవడం నాకు పెద్ద సమస్యగా కనిపిస్తుంది.

దీనికి ఎదురుగా అందరూ చూపించే సాక్ష్యం ప్రొఫెషనల్ రైడర్ల కాళ్లు. బెల్జియంలో వసంతకాలపు రేసులు, బురద దారుల్లో జరిగే శీతాకాలపు సైక్లోక్రాస్ పోటీల ఫొటోల్లో బురద చిందిన, నిగనిగలాడే కాళ్లు కనిపిస్తాయి. మోకాళ్లకు బట్ట లేకుండా క్రీమ్ మాత్రమే ఉండటాన్ని "బెల్జియన్ నీ వార్మర్స్" అని ముద్దుగా అంటారు కూడా. వాళ్లు వాడుతున్నారంటే పనిచేస్తున్నట్టే కదా?

వాళ్లకూ మనకూ తేడా వేడి పుట్టే దగ్గరే మొదలవుతుంది. సైకిల్ తొక్కేటప్పుడు మన శరీరం ఖర్చు చేసే శక్తిలో సుమారు ఐదో వంతు, మహా అయితే నాలుగో వంతు పెడల్ మీదికి వెళ్తుంది. మిగతాదంతా వేడిగా మారుతుంది. పెడల్ మీద 300 వాట్లు పెట్టే రేసర్ ఒంట్లో దాదాపు 1,000 వాట్ల వేడి పుడుతుంది. ఒక గది హీటర్‌కు సమానం. వాళ్ల సమస్య ఆ వేడిని వదిలించుకోవడం. తీరిగ్గా 120 వాట్లతో తొక్కే మనలాంటివాళ్లలో పుట్టేది 400 వాట్ల చిల్లర. పంక్చర్ పడి రోడ్డు పక్కన నిలబడితే అది 100 దగ్గరికి పడిపోతుంది. పైగా సైక్లోక్రాస్ రేసు దాదాపు గంటలో ముగుస్తుంది. గీత దాటగానే దుప్పటి కప్పేవాళ్లు, పొడి బట్టలు అందించేవాళ్లు, వెచ్చని బండి సిద్ధంగా ఉంటారు. మనకు ఇల్లు ఇంకా ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది.

పైగా వాళ్లకు కూడా చలి ఎక్కువైతే క్రీమ్ ఏమీ చేయలేదు. 1980లో బెల్జియంలోని లియేజ్-బాస్టోన్-లియేజ్ రేసు మంచులో జరిగింది. బయల్దేరిన 174 మందిలో చివరిదాకా వచ్చింది 21 మంది. తొమ్మిది నిమిషాలకు పైగా తేడాతో గెలిచిన బెర్నార్డ్ ఇనో చేతివేళ్లలో స్పర్శ ఆ తర్వాత కూడా పూర్తిగా తిరిగి రాలేదు. ప్రపంచంలోనే గట్టి రైడర్, దేహమంతా మండే ఇంజిన్, అయినా చలి తన వాటా తీసుకుంది.

1988 జూన్ 5న, ఇటలీలో రోజుల తరబడి సాగే జిరో డిటాలియా రేసులో గావియా కనుమ దాటిన రోజు ఇంకా స్పష్టంగా చెబుతుంది. కనుమ ఎత్తు 2,600 మీటర్లకు పైనే. పైన మంచు తుఫాను. పొట్టి చేతుల జెర్సీతో ఎక్కిన యోహాన్ వాన్ డెర్ వెల్డె శిఖరాన్ని అందరికంటే ముందు దాటాడు. అంతా ఎక్కుడే అయ్యుంటే ఆ రోజు అతనిదే. కానీ దిగుడు మొదలవగానే చలికి తట్టుకోలేక ఆగిపోయి, తలదాచుకుని, దాదాపు 47 నిమిషాలు వెనకబడి ముగించాడు. అదే రోజు ఆండీ హాంప్‌స్టెన్ రెండో స్థానంలో వచ్చి, మొత్తం రేసులో ముందున్నవాడికిచ్చే గులాబీ జెర్సీ అందుకున్నాడు, చివరికి జిరో గెలిచిన తొలి అమెరికన్ అయ్యాడు. అతని జట్టువాళ్లు పొద్దున్నే ఒంటికి లానోలిన్ పట్టించుకున్న మాట నిజం. క్రీమ్ అభిమానులు ఈ కథను తమ పక్షాన చెప్పుకుంటారు. కానీ లానోలిన్ మంట పుట్టించేది కాదు, నీటిని ఆపే గొర్రె ఉన్ని జిడ్డు. పైగా ఆ జట్టు దాంతో ఆగలేదు. మందపాటి గ్లవ్స్, ఉన్ని టోపీ, వాన కోటు సమకూర్చుకుంది. కొండ మీద తన మనుషులను నిలబెట్టి పొడి బట్టలు, వేడి టీ అందించింది. గెలిపించిన వాటిలో జిడ్డు వాటా ఎంత, గ్లవ్స్ వాటా ఎంత అని నన్నడిగితే నేను గ్లవ్స్ వైపే చూపిస్తాను.

జిడ్డు గురించిన నమ్మకం సైకిల్ కంటే ముందు ఈతగాళ్లది. 1875లో ఇంగ్లిష్ ఛానెల్ ఈదిన మాథ్యూ వెబ్ ఒంటికి పోర్పస్ నూనె రాసుకున్నాడు. 1926లో ఈదిన గెర్ట్రూడ్ ఎడెర్ల్ కూడా ఒళ్లంతా జిడ్డు పట్టించుకునే దిగింది. కానీ చర్మం మీద పూసే పల్చని పొర మందం ఎంత? మిల్లీమీటరులో కొంత భాగం. అంత పల్చని జిడ్డు వేడిని పట్టి ఉంచలేదు. ఉప్పునీటి రాపిడి నుంచి చర్మాన్ని కాపాడుతుంది, అది వేరే ఉపకారం.

సైకిల్ మీద చలి అంటే ముఖ్యంగా గాలి. మనం కదులుతున్నందుకే గాలి పుడుతుంది, దానికి ఈదురుగాలి తోడవుతుంది. గాలి వల్ల చలి ఎంత ఎక్కువగా అనిపిస్తుందో లెక్కగట్టేందుకు అమెరికా, కెనడా 2001 నుంచి వాడుతున్న విండ్ చిల్ సూత్రం ప్రకారం 5 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి తగిలితే బట్ట లేని ముఖానికి సున్నా డిగ్రీల చలిలా ఉంటుంది. గాలి ఉష్ణోగ్రతే సున్నా అయితే అది మైనస్ 6 దాకా వెళ్తుంది. దిగుడులో వేగం 50 దాటుతుంది, అదే సమయంలో మనం పెడల్ తొక్కడం మానేస్తాం. వేడి పుట్టడం తగ్గుతుంది, పోవడం పెరుగుతుంది. ఎక్కేటప్పుడు పట్టిన చెమట అప్పుడే చల్లబడుతుంది. ఈ మూడూ ఒకేసారి మీద పడే చోట కాలి మీద మంట ఏ సాయమూ చేయదు. గాలిని ఆపే ఒక పల్చని జాకెట్, జేబులో మడిచి పెట్టుకున్నది, వెయ్యి రెట్లు పనికొస్తుంది.

ఇక్కడిదాకా చదివి నేను డబ్బా పారేయమంటున్నానని అనుకోవద్దు. క్రీమ్ గెలిచే సందర్భం ఒకటుంది. వాన, బురద, మరీ గడ్డకట్టని చలి, తక్కువ సమయం, గట్టి శ్రమ. ఈ ఐదూ కలిసిన రోజున బట్ట కంటే జిడ్డు మేలు. నీరు ఆవిరి కావడానికి చాలా వేడి కావాలి. ఒక్క గ్రాము నీటికి సుమారు 2,400 జూళ్లు. మామూలు లెగ్ వార్మర్లు (కాళ్లకు తొడుక్కునే బట్ట తొడుగులు) వానలో తడిసి 100 గ్రాముల నీరు పట్టుకుని, అది గంటలో ఆవిరైతే, అందుకు కావాల్సిన వేడి సుమారు 67 వాట్లు. అందులో మంచి భాగం మన కాళ్ల నుంచే పోతుంది. బట్ట తడి ఆరేలోపు చక్రం మళ్లీ తడి చిమ్ముతుంది, కాబట్టి ఇది ఆగదు. పైగా నీళ్లు పీల్చిన బట్ట బరువు, ప్రతి పెడల్‌కూ మోకాలి దగ్గర లాగుతుంది. జిడ్డు రాసిన బట్ట లేని కాలి మీద నీరు నిలవదు, జారిపోతుంది. సైక్లోక్రాస్ వాళ్లు క్రీమ్‌ను ఎంచుకునేది ఇందుకే. అది వాళ్ల రేసుకు సరిపోయిన తెలివైన నిర్ణయం. అక్కడ పని చేస్తున్నది మైనమూ నూనే తప్ప మిరప మంట కాదన్నది నా అభిప్రాయం. అందుకే నేను వాడేటప్పుడు మంట తక్కువ ఉన్న రకమే తీసుకుంటాను. మంట అసలే లేకపోయినా నాకు చింత లేదు.

రాసుకునే తంతులో ఉన్న ఆనందం కూడా నాకు తెలుసు. ఆ వాసన, రుద్దుడు, "ఇక బయల్దేరాలి" అన్న ఉత్సాహం. బయట చీకటిగా, చలిగా ఉన్న పొద్దున ఇంట్లోంచి అడుగు బయట పెట్టించే ఏ అలవాటైనా నాకు గౌరవమే. రుద్దేటప్పుడు చర్మానికి, కీళ్లకి ఒక మెలకువ వస్తుంది. ఆ ఉత్సాహం నిజమైనదే, దానికి విలువ ఉంది. టైట్స్ వేసుకోవాల్సిన రోజున టైట్స్ వేసుకోకుండా ఉండటానికి అది కారణం కాకూడదు, అంతే.

వాడేవాళ్లు తప్పనిసరిగా తెలుసుకోవాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి. ఇవి డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంటాయి, ఎవరూ చదవరు.

క్యాప్సైసిన్ కొవ్వులో కరుగుతుంది, నీటిలో సరిగ్గా కరగదు. అందుకే ఉత్త నీళ్లతో కడిగితే పోదు, ఇంకా పరుచుకుంటుంది. ముందు పొడి గుడ్డతోనో టిష్యూతోనో తుడిచి, కాస్త మామూలు నూనె రాసి మళ్లీ తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. రైడ్ నుంచి రాగానే వేడినీళ్ల కింద నిలబడటం అందరూ కోరుకునేదే. సరిగ్గా అక్కడే మంట భరించలేనంతగా లేస్తుంది. కారణం పైన చెప్పిన ప్రోటీనే. క్యాప్సైసిన్ అతుక్కున్నప్పుడు అది తెరుచుకునే హద్దు 43 నుంచి చాలా కిందికి దిగిపోతుంది. అప్పుడు మామూలు గోరువెచ్చని నీరే మరిగే నీరులా అనిపిస్తుంది. ముందు చెప్పినట్టు తుడిచాక చల్లని నీళ్లతో, సబ్బుతో కాళ్లు కడుక్కుని ఆ తర్వాత స్నానం చేయాలి.

వరుస కూడా ముఖ్యం. షార్ట్స్ లోపల రాసుకునే క్రీమ్ ముందు రాసుకోవాలి, షార్ట్స్ వేసుకోవాలి, చివరగా వేడి క్రీమ్. వరుస తప్పితే మంట పుట్టే చోటు గురించి నేను వివరించక్కర్లేదు. కాంటాక్ట్ లెన్సులు ముందే పెట్టుకోవాలి. రాసేటప్పుడు పల్చని రబ్బరు గ్లవ్ వేసుకుంటే అన్నిటికంటే మంచిది. చేతికి అంటిన క్రీమ్ గ్లవ్స్ లోపలికి, అక్కడి నుంచి ముక్కుకీ కళ్లకీ చేరుతుంది. సైకిల్ మీద కళ్లు మండి మూసుకుపోతే అది చలి కంటే తక్షణ ప్రమాదం. చేతివేళ్లకు వేడి కోసం ఈ క్రీమ్ రాసుకునేవాళ్లను చూశాను, దయచేసి వద్దు. వేళ్ల చర్మం 15 డిగ్రీల కిందికి వెళ్తే బ్రేక్ పట్టే నేర్పు తగ్గుతుంది. క్రీమ్ రాసినా ఆ నేర్పు తిరిగి రాదు, చల్లబడుతున్నాయని తెలియడం మాత్రం ఆలస్యమవుతుంది. మంచి గ్లవ్స్ కొనుక్కోండి. చలికాలానికి మొట్టమొదట డబ్బు పెట్టాల్సింది వాటి మీదే.

అప్పుడే షేవ్ చేసిన కాళ్ల మీద, గీరుకున్న చోట రాయకూడదు. రాసి దాని మీద బిగుతైన బట్ట వేసినా, కట్టు కట్టినా, హీటింగ్ ప్యాడ్ పెట్టినా మందు చర్మంలోకి ఎక్కువగా దిగుతుంది. కాబట్టి సగం క్రీమ్, సగం టైట్స్ అన్న మధ్యేమార్గం కూడా మంచిది కాదు. 2012 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి నొప్పి క్రీముల వల్ల, అరుదుగానే అయినా, చర్మం నిజంగా కాలిన సంఘటనలు ఉన్నాయని హెచ్చరించింది. అలాంటి వాటిలో ఎక్కువ భాగం మెంథాల్ 3 శాతం, మిథైల్ సాలిసిలేట్ 10 శాతం దాటిన రకాలు. బొబ్బలు లేస్తే "మంట పనిచేస్తోంది" అని సంబరపడకుండా వెంటనే తుడిచేసి డాక్టర్‌కు చూపించాలి.

మిథైల్ సాలిసిలేట్ ఆస్పిరిన్ కుటుంబానికి చెందినది. చర్మం గుండా రక్తంలోకి వెళ్తుంది. ఆస్పిరిన్ పడనివాళ్లు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా దీన్ని ముట్టుకోకూడదు. రోజూ ఒళ్లంతా పట్టించడం ఎవరికీ మంచిది కాదు. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఇంకా జాగ్రత్త. ఒక టీస్పూన్ స్వచ్ఛమైన వింటర్‌గ్రీన్ నూనె సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌కు సమానం, అంటే 325 మిల్లీగ్రాముల బిళ్లలు ఇరవైకి పైగా. క్రీమ్‌లో అంత గాఢత ఉండదు, అయినా డబ్బా పిల్లలకు అందని ఎత్తులోనే ఉండాలి. కర్పూరం కూడా మింగితే పిల్లలకు విషమే.

ఇంకొకటి. తరచూ వాడేవాళ్లకు మంట తగ్గుతూ పోతుంది. అప్పుడు మైల్డ్ నుంచి మీడియం, మీడియం నుంచి హాట్ అంటూ ఎక్కుతారు. పదేపదే క్యాప్సైసిన్ తగిలితే ఆ నరాల కొసలు మొద్దుబారతాయి. వైద్యంలో ఈ గుణాన్నే వాడుకుంటారు. నరాల నొప్పులకు 8 శాతం క్యాప్సైసిన్ ఉన్న పట్టీని డాక్టర్ పర్యవేక్షణలో అతికిస్తారు. నొప్పి రోగికి అది ఊరట. ఆరోగ్యంగా ఉన్న కాలి మీద, అదీ చలిలో, కబురు మోసే నరాలను మొద్దుబార్చుకోవడానికి మనకేం అవసరం?

క్రీమ్ రాసుకుని బయల్దేరిన రోజున నేను కాళ్లలో అనిపించేదాన్ని లెక్కలోకి తీసుకోను. వేళ్లు చూసుకుంటాను, బొటనవేలు చిటికెన వేలిని తాకగలుగుతోందా అని. పక్కవాళ్లతో మాట్లాడి మాట తిన్నగా వస్తోందా అని గమనిస్తాను. కొండ ఎక్కడం పూర్తికాగానే, చెమట ఇంకా వెచ్చగా ఉండగానే జాకెట్ వేసుకుంటాను. చలి వేశాక వేసుకుందాం అనుకుంటే క్రీమ్ ఉన్న రోజున ఆ చలి ఆలస్యంగా తెలుస్తుంది. 5 డిగ్రీల కంటే తక్కువ ఉన్నా, రెండు గంటలు దాటే రైడ్ అయినా క్రీమ్ ఇంట్లోనే ఉంటుంది, నేను టైట్స్‌లో ఉంటాను. ఈ హద్దులు నేను పెట్టుకున్నవి. మీ ఒంటిని బట్టి, మీ వేగాన్ని బట్టి మీవి వేరుగా ఉండవచ్చు. ఏదో ఒక హద్దు మాత్రం బయల్దేరకముందే పెట్టుకోండి, దారిలో మంట చెప్పిన మాట విని నిర్ణయించకండి.

గుంపుగా వెళ్లినప్పుడు ఎవరికైనా వణుకు ఆగకపోయినా, మాట ముద్దగా వస్తున్నా, పిచ్చిగా జవాబులు చెబుతున్నా, శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కిందికి పోతోందేమోనని అనుమానించాలి. వణుకు ఉన్నట్టుండి ఆగిపోతే అది ఇంకా చెడ్డ సూచన. అప్పుడు ఆ మనిషిని గాలి తగలని చోటికి చేర్చి, తడి బట్టలు తీసి, పొడివి కప్పి, తలకు టోపీ పెట్టాలి. స్పృహ బాగుండి మింగగలిగితే గోరువెచ్చని తీపి పానీయం ఇవ్వవచ్చు. చేతులూ కాళ్లూ గట్టిగా రుద్దకూడదు, వేడి క్రీమ్ అసలే రాయకూడదు. తికమక పడుతున్నా, వణుకు ఆగిపోయినా ఆలస్యం చేయకుండా అంబులెన్స్‌ను పిలవాలి.